పెరటి గన్నేరు: కాపలా కుక్కకు, పాడి పశువుకు ముప్పు ఎక్కడ నున్నది?

మన గ్రామములలో గన్నేరు లేని వీధి అరుదు. ఇంటి ముందర, గుడి ఆవరణలో, బావి గట్టున, బడి ప్రహరీ ప్రక్కన ఎర్రగానో, తెల్లగానో, గులాబి రంగుననో పూసి కనుపించును. నీరు పోయకున్నను బ్రతుకును. ఎండకు ఓర్చును. మేక కూడ ముట్టదు. తెల్లవారుసరికి పూజకు పూలు సిద్ధముగా నుండును. ఇన్ని సుగుణములు గల మొక్కను ఎవరు వద్దనగలరు?

అయితే "మా కుక్కపిల్ల గన్నేరు కొమ్మ కొరికినది. ఏమైన ప్రమాదమా?" అని అడుగు రైతునకు చెప్పవలసిన జవాబు ఒక్కటే. ప్రమాదమే. లక్షణములు కనుపించు వరకు ఆగక, వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను. గన్నేరు విషము కుక్కను, ఆవును, గేదెను, మేకను, గుర్రమును, మనిషిని కూడ చంపగలదు. సంస్కృతమున ఈ మొక్కకు కరవీరమను పేరుతో పాటు హయమారకము, అశ్వమారకము అను పేర్లు కూడ కలవు. గుర్రమును చంపునది అని వాటి అర్థము. పెద్దలు పేరులోనే హెచ్చరిక చెప్పియున్నారు.

మరి ఇన్ని ఇండ్లలో ఈ చెట్టు ఉన్నను ప్రతి దినము పశువులు చచ్చుట లేదు గదా అని మీకు సందేహము కలుగవచ్చును. ఆ సందేహమునకు సమాధానమే ఈ పాఠము. నిలిచియున్న చెట్టు వలన జరుగు నష్టము తక్కువ. నరికి పడవేసిన కొమ్మ వలన, ఎండి రాలిన ఆకు వలన జరుగు నష్టము ఎక్కువ. ఈ ఒక్క సంగతి మనసున ఉంచుకొన్నచో చెట్టును ఉంచుకొనియు, కుక్కను పశువును కాపాడుకొనవచ్చును.

ఒక ఉదాహరణ

ఒక రైతు ఇంటి ముందర గన్నేరు గుబురుగా పెరిగినదనుకొందము. పండుగకు ముందు వాకిలి శుభ్రము చేయుచు అతడు కొమ్మలను నరికి ప్రహరీ ప్రక్కన కుప్ప వేసినాడు. "తరువాత ఎత్తి పారవేయుదము" అనుకొన్నాడు. రెండు దినములలో ఆకులు వాడి ఎండినవి. నాలుగు నెలల కుక్కపిల్లకు పండ్లు మారుచున్న కాలము. అది ఒక కొమ్మను లాగుకొని వచ్చి పడమటి అరుగు క్రింద కూర్చుండి నమలినది. కట్టు త్రెంచుకొన్న దూడ కుప్పలో మూతి పెట్టి నాలుగు ఎండుటాకులు మేసినది. ఏండ్ల తరబడి ఆ చెట్టు నీడనే కట్టివేసినను ఏమియు కాని పశువు ఆ రాత్రి పడిపోయినది. ఇంటివారు పాము కరచినదనుకొన్నారు. చెట్టు మీద ఎవరికిని అనుమానము రాలేదు.

ఇట్టి పొరపాటు ఎవరి ఇంటిలోనైనను జరుగుటకు వీలున్నది. కావున సంగతులను వరుసగా తెలిసికొందము.

1. ఏ గన్నేరు?

గన్నేరు అను పేరు మన భాషలో నాలుగు వేర్వేరు మొక్కలకు కలదు. వైద్యునికి చెప్పునపుడు పొరపాటు రాకుండ వీటిని గుర్తించుట నేర్చుకొనవలెను.

గన్నేరు: ఎర్ర గన్నేరు, తెల్ల గన్నేరు అని పిలుచునది ఇదియే. శాస్త్రీయ నామము నీరియం ఒలియాండర్. మొదలు నుండి అనేక కొమ్మలు లేచి పొదవలె పెరుగును. ఆకులు పొడవుగా, సన్నగా, తోలువలె దళసరిగా నుండి, ఒక్కొక్క కణుపు వద్ద సాధారణముగా మూడేసి చొప్పున వచ్చును. నడిమి ఈనె స్పష్టముగా కనుపించును. కాయలు సన్నగా పొడవుగా నుండి, పగిలినపుడు నూగు గల విత్తనములు బయటపడును.

పచ్చ గన్నేరు: పసుపుపచ్చని గరాటు వంటి పూలు పూయు చిన్న చెట్టు. ఆకులు మరింత సన్నగా, నిగనిగలాడుచు నుండును. కాయ పచ్చగా నుండి పండినపుడు నల్లబడును. లోపల గట్టి టెంక యుండును. దీని విషము కూడ గన్నేరు విషము జాతిదే. ముఖ్యముగా గింజ మిక్కిలి ప్రమాదకరము.

బిళ్ళ గన్నేరు: మోకాలెత్తు పెరుగు చిన్న మొక్క. ఆకులు గుండ్రముగా కోలగా నుండును. కాన్సరు వ్యాధికి వాడు విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అను మందులు దీని నుండియే వచ్చినవి. దీని గుణము వేరు. అయినను ఇది మేతకు పనికిరాదు.

దేవ గన్నేరు: లావైన కొమ్మలు, తెల్లని పాలు, సువాసన గల పూలు గల చెట్టు. దీని పాలు చర్మమునకు, నోటికి మంట పుట్టించును.

ఈ పాఠములో "గన్నేరు" అనునపుడు మొదటి దానిని గురించి చెప్పుచున్నాము. జాగ్రత్తలు మాత్రము పచ్చ గన్నేరునకు కూడ వర్తించును.

2. విషము ఏ భాగములో, ఎంత?

ఆకు, పూవు, బెరడు, కొమ్మ, వేరు, కాయ, విత్తనము, అన్ని భాగములందును విషము కలదు. పచ్చిగా నున్నను కలదు, ఎండినను కలదు. కొమ్మలను గాని పూలను గాని ఉంచిన చెంబులోని నీటికి కూడ విషము దిగును. కొమ్మలను కాల్చినపుడు వచ్చు పొగ సయితము హాని చేయును.

ఎంత తిన్నచో ప్రమాదము? పశువైద్య గ్రంథములలో తెలిపిన లెక్క ప్రకారము ఆవులు, గుర్రముల విషయములో శరీర బరువులో 0.005 శాతము ఎండుటాకు ప్రాణాపాయము కలిగింపగలదు. ఈ లెక్కను మన భాషలో చెప్పుకొందము. 300 కిలోల బరువు గల ఆవునకు 15 గ్రాముల ఎండుటాకు చాలును. 50 కిలోల దూడకు రెండున్నర గ్రాములు చాలును. ఒక గంప మేతలో ఈ పాటి ఆకు కలిసినచో మన కంటికి ఆనదు. ఇంతకంటె తక్కువ తిన్నచో ఏమియు కాదని దీని అర్థము కాదు. పశువు వయస్సు, ఆరోగ్యము, ఆకు ముదురు లేత బట్టి తేడాలుండును.

కుక్క శరీరము చిన్నది. కావున కొద్దిపాటి నమలుటను కూడ తేలికగా తీసుకొనరాదు. "రెండాకులే గదా" అని ఊరకుండుట పెద్ద పొరపాటు.

3. విషము గుండెపై ఎట్లు పనిచేయును?

డెల్టా గ్రామములలో పల్లపు చేలలో నిలిచిన నీటిని ఇంజను పెట్టి బయటకు తోడుట మీరెరుగుదురు. ఇంజను నడుచుచున్నంత వరకు చేను సురక్షితము. ఇంజను ఆగినచో బయటి నీరు లోనికి వచ్చి పైరు మునుగును. గుండె కండరములోని ప్రతి కణమునకు ఇట్టి తోడు యంత్రము ఒకటి కలదు. అది సోడియమను లవణమును బయటకు తోడి, పొటాషియమను లవణమును లోనికి తెచ్చుచుండును. ఈ రెండింటి నిష్పత్తి సరిగా నున్నపుడే గుండె ఒక లయలో కొట్టుకొనును.

గన్నేరులోని ఒలియాండ్రిన్ మొదలగు విష పదార్థములు ఈ తోడు యంత్రమును ఆపివేయును. అపుడు రక్తములో పొటాషియము పెరుగును. గుండె మొదట నెమ్మదించి, తరువాత లయ తప్పి, తుదకు ఆగిపోవును. మనుష్యులకు గుండె జబ్బులో వైద్యులిచ్చు డిగాక్సిన్ అను మందు కూడ ఇదే మార్గమున పనిచేయును. ఆ మందును వైద్యులు మిల్లీగ్రాములో భాగములుగా కొలిచి ఇచ్చెదరు. ఆకులో కొలత లేదు. కావున గన్నేరు వేరును గాని, ఆకు రసమును గాని నాటు మందుగా లోపలికి ఇచ్చుట ప్రాణముతో చెలగాటమే.

4. నిలిచిన చెట్టు కంటె నరికిన కొమ్మ ఎందుకు ప్రమాదకరము?

పచ్చి గన్నేరు ఆకు మిక్కిలి చేదు. పశువు నోట పెట్టుకొని ఉమ్మివేయును. అందుచేతనే "మేక ముట్టదు" అను ధైర్యము మనకు కలిగినది. కాని ఆకు వాడి ఎండిన కొలది చేదు తగ్గును, విషము తగ్గదు. చెట్టు మీద నున్నపుడు పశువును కాపాడిన చేదు, నేల మీద పడిన తరువాత కాపాడదు. ఇది మొదటి కారణము.

రెండవ కారణము కలగలుపు. గట్టు మీద గడ్డి కోసినపుడు గన్నేరు ఆకులు అందులో పడవచ్చును. మేత కత్తిరించు యంత్రములో పడిన కొమ్మ ముక్కలై పచ్చి మేతతో కలిసిపోవును. అపుడు పశువు ఏరి విడిచిపెట్టలేదు. నోరు చేదైనను ఆకలిలో మ్రింగివేయును.

మూడవ కారణము ఆకలి, విసుగు. మేత కరవైన వేసవిలో పశువు సాధారణముగా ముట్టని దానిని కూడ ముట్టును. కట్టివేసిన కుక్కపిల్లకు వేరే పని లేక అందిన దానినెల్ల కొరుకును.

జాతీయ రహదారుల నడిమి కట్టలపై గన్నేరును వరుసలుగా నాటియున్నారు. ఎండకు, పొగకు ఓర్చునని, పశువులు మేయవని అక్కడ దానిని ఎంచుకొన్నారు. ఆ మొక్కలను కత్తిరించినపుడు కొమ్మలు రోడ్డు ప్రక్కన పడియుండుట కలదు. మందలను రోడ్డు వెంట తోలుకొనిపోవు గొర్రెల కాపరులు, పశువుల కాపరులు అట్టి చోట్ల మందను ఆపరాదు.

5. కుక్కకు విషము అందు దారులు

కుక్క ఆకు మేయు జంతువు కాదు గదా, దానికి భయమేమి అని కొందరందురు. దానికి విషము అందు దారులు వేరు.

పండ్లు మారు కాలము, అనగా మూడు నాలుగు నెలల నుండి ఆరేడు నెలల వయస్సు వరకు, కుక్కపిల్ల దొరికిన కర్రనెల్ల నమలును. గన్నేరు కొమ్మ దానికి అనువైన లావు, మెత్తదనము కలిగియుండును. పిల్లలు ఆటలో కుక్కకు విసరు కర్ర గన్నేరుది కారాదు.

చెట్టు క్రింద నీళ్ల మూకుడు పెట్టుట వాడుక. రాలిన ఆకులు, పూలు అందులో నానును. కుక్క ఆ నీటినే త్రాగును. పూలు ఉంచిన చెంబు నీరు, దేవుని పటముల వద్ద తీసివేసిన పూల నీరు వాకిట పారబోసినపుడు కూడ అంతే.

గజ్జికి, పుండ్లకు గన్నేరు ఆకు పసరు రాయు ఆచారము కొన్ని చోట్ల కలదు. మనిషి ఒంటి మీద రాసిన మందు ఒంటి మీదనే యుండును. కుక్క మాత్రము పుండును నాకక మానదు. పైపూతగా వేసిన పసరు గంటలోపల కడుపులోనికి పోవును. పశువులు కూడ ఒండొంటిని నాకుకొనును. కావున కుక్కకు గాని, పశువునకు గాని గన్నేరు పసరు పైపూతగా కూడ వాడరాదు.

6. లక్షణములు

కుక్క తిన్న కొన్ని గంటలలోనే సాధారణముగా లక్షణములు మొదలగును. ముందు చొంగ కారును. వాంతులు అగును. కడుపు నొప్పితో మూలుగును. విరేచనములగును. ఒక్కొక్కపుడు వాటిలో రక్తము కనుపించును. తరువాత నీరసము, వణుకు, చెవులు కాళ్లు చల్లబడుట, గుండె నెమ్మదిగా గాని, లయ తప్పి గాని కొట్టుకొనుట, పడిపోవుట కలుగును.

నాడి చూచుట ప్రతి రైతు నేర్చుకొనదగిన పని. కుక్క వెనుక కాలి తొడ లోపలి వైపున రెండు వ్రేళ్లు మెల్లగా ఆనించినచో నాడి తగులును. ఆరోగ్యముగా నున్న పెద్ద కుక్కకు విశ్రాంతిలో నిమిషమునకు సుమారు 70 నుండి 120 సారులు కొట్టుకొనును. ఆవునకు తోక మొదట అడుగు వైపున నాడి చూడవలెను. అది సుమారు 50 నుండి 80 వరకు నుండును. మంచి దినములలో చూచి అలవాటు చేసికొన్నచో, చెడ్డ దినమున తేడా తెలియును.

పశువులలో లక్షణములు ఆలస్యముగా కనుపింపవచ్చును. మేత మానుట, నెమరు ఆగుట, కడుపు నొప్పి, పారుడు, తూలుట కనుపించును. ఒక్కొక్కపుడు ఏ లక్షణమును కనుపింపకయే, రాత్రి బాగుగా నున్న పశువు తెల్లవారుసరికి చచ్చి పడియుండును.

7. వెంటనే చేయవలసిన పనులు

(అ) నోటిలో మిగిలిన ఆకును తీసివేయవలెను. కుక్కకు తెలివి ఉన్నచో మంచి నీటితో నోటిని ప్రక్కగా కడుగవలెను. కరవకుండ జాగ్రత్త పడవలెను.

(ఆ) మిగిలిన కొమ్మలను, కలుషితమైన మేతను, నీటిని తొలగించి, ఇతర జంతువులను దూరముగా కట్టవలెను.

(ఇ) జంతువును పరుగెత్తింపక, బెదరింపక, నీడన నెమ్మదిగా నుంచవలెను. దెబ్బతిన్న గుండెకు శ్రమ పెట్టుటయే ప్రాణాంతకము కావచ్చును. కుక్కను నడిపించుకొని గాక, ఎత్తుకొని గాని బండి మీద గాని తీసుకొనిపోవలెను.

(ఈ) తిన్న మొక్క కొమ్మను ఆకులతో సహా ఒక సంచిలో వేసికొని వైద్యునికి చూపవలెను. ఎపుడు తిన్నది, సుమారు ఎంత తిన్నది, వాంతి ఎన్ని సారులైనది చెప్పవలెను. ఈ నాలుగు మాటలు వైద్యునికి సగము పని తగ్గించును.

(ఉ) దగ్గరి పశువైద్యశాలకు కబురు పంపవలెను. సంచార పశువైద్య వాహనము తిరుగు ప్రాంతములలో 1962 నంబరునకు ఫోను చేయవచ్చును.

చేయరాని పనులు

ఉప్పు నీరు పోసి వాంతి చేయించరాదు. ఉప్పు ఎక్కువైనచో అదియే వేరొక విషమగును. నూనె, మజ్జిగ, చింతపండు పులుసు, ఆకు పసరు గొట్టముతో పోయరాదు. తూలుచున్న జంతువునకు గొంతులో పోసిన ద్రవము ఊపిరితిత్తులలోనికి పోయి, గన్నేరు వదలినను అది చంపును. పాలు పోసినచో విషము విరుగునను మాట నమ్మరాదు. వంట బొగ్గును నూరి పోయుట కూడ వైద్యము కాదు. వైద్యులు వాడునది ప్రత్యేకముగా తయారు చేసిన ఉత్తేజిత బొగ్గు. దానికి విషమును పట్టి ఉంచు శక్తి కలదు. వంట బొగ్గునకు ఆ శక్తి లేదు.

వైద్యుడు ఏమి చేయును?

తిన్న వెంటనే తీసుకొనిపోయినచో వైద్యుడు తగిన మందుతో వాంతి చేయించి, ఉత్తేజిత బొగ్గును పట్టించును. ఒక్కొక్కపుడు దానిని మరల మరల ఇవ్వవలసి వచ్చును. గుండె నెమ్మదించినచో అట్రోపిన్ మొదలగు మందులు, లయ తప్పినచో వేరు మందులు ఇచ్చును. ఈ విషమునకు విరుగుడుగా పనిచేయు ప్రతిరక్షక మందు ఒకటి మనుష్య వైద్యములో కలదు గాని అది మిక్కిలి ఖరీదైనది. మారుమూల వైద్యశాలలో దానిపై ఆశ పెట్టుకొనరాదు. కావున తొలి గంటలే మనకు విరుగుడు. కుక్క తేరుకొన్నట్లు కనుపించినను వైద్యుడు చెప్పు వరకు పరుగు, వేట, కాపలా పని మాన్పింపవలెను.

8. పశువుల విషయములో మరి కొన్ని సంగతులు

ఆవు, గేదె పెద్ద పొట్టలో మేత చాలసేపు నిలువయుండును. ఆకు అక్కడ ఉన్నంత వరకు విషము కొద్దికొద్దిగా రక్తములోనికి దిగుచునే యుండును. విలువైన పశువు విషయములో, సమయము మించకున్నచో, వైద్యుడు పొట్టకు శస్త్రచికిత్స చేసి మేతను తీసివేయవచ్చును.

ఈనిన పశువు పడిపోయినపుడు పాల జ్వరమనుకొని కాల్షియం ఇంజెక్షన్ చేయించుట పరిపాటి. పాల జ్వరమునకు అది సరియైన మందే. కాని గన్నేరు తిన్న పశువు గుండెకు కాల్షియం మరింత ముప్పు తేవచ్చును. కావున ఇంజెక్షన్‌కు ముందే "గన్నేరు అందుబాటులో ఉన్నది, తిని యుండవచ్చును" అను మాట వైద్యునికి చెప్పవలెను. ఈ ఒక్క మాట చెప్పుట మీ పని. తక్కినది వైద్యుని పని.

విషము తిన్న పశువు పాలను వైద్యుడు చెప్పు వరకు ఇంట వాడరాదు, కేంద్రమునకు పోయరాదు, దూడకు కుడువరాదు. పశువు చనిపోయినచో మాంసమును మనుష్యులు తినరాదు, కుక్కలకు వేయరాదు. లోతుగా పూడ్చవలెను. పూడ్చుటకు ముందు పశువైద్యునిచే శవ పరీక్ష చేయించుట మేలు. పొట్టలో ఆకు ముక్కలు దొరికినచో కారణము తేలును, మిగిలిన పశువులు బ్రతుకును. భీమా చేసిన పశువైనచో ఆ పత్రము తప్పక కావలెను.

9. చెట్టును ఉంచవలెనా, తీసివేయవలెనా?

ఇంటిలో కుక్కపిల్ల, లేగదూడ, లేదా నోట అన్నియు పెట్టుకొను పసిబిడ్డ ఉన్నచో, చెట్టు వారికి అందు చోట నున్నచో, తీసివేయుటయే మంచిది. చేతులకు తొడుగులు వేసికొని వేళ్లతో సహా త్రవ్వవలెను. వేరు మిగిలినచో మరల చిగురించును.

అట్టి పరిస్థితి లేనిచో చెట్టును ఉంచుకొనవచ్చును. కాని ఈ నియమములు పాటింపవలెను.

పశువుల పాక, కుడితి తొట్టి, గడ్డివామి, మేత పెంచు గట్టు, కుక్కను కట్టు రాట, వీటి దాపున గన్నేరు ఉండరాదు. ఆకు రాలి గాలికి కొట్టుకొనిపోయినను వాటిలో పడనంత దూరముండవలెను.

కొమ్మలు నరికిన నాడే, నరికిన చోట ఒక్క ఆకు కూడ మిగలకుండ ఊడ్చి ఎత్తవలెను. "రేపు" అను మాట ఈ పనిలో పనికిరాదు. ఎత్తిన దానిని పశువులు, కుక్కలు త్రవ్వలేని లోతున పూడ్చవలెను. పెంటకుప్ప మీద వేయరాదు. కుక్కలు, పశువులు మొదట వెదకునది అచ్చటనే. పొయ్యిలో కాల్చరాదు. పుల్లను పంటి పుల్లగా గాని, కలుపు గరిటెగా గాని వాడరాదు.

పూజ చేసిన పూలను పవిత్రమని ఆవు ముందర వేయుట కొన్ని ఇండ్లలో ఆచారము. నిర్మాల్యములో గన్నేరు పూవు ఉన్నచో అట్లు చేయరాదు. గోమాతకు భక్తితో పెట్టినది విషము కారాదు గదా. కనుమ నాడు, ఏరువాక నాడు ఎడ్లకు, ఆవులకు కట్టు దండలలో బంతి, చేమంతి వాడవలెను గాని గన్నేరు కలుపరాదు. ఒక పశువు మెడలోని దండను ప్రక్క పశువు లాగి తినుట అందరు చూచినదే.

10. ఇంటిలోని ఇతర మొక్కల మాట

ఈ కాలమున పల్లెలలో కూడ మనీ ప్లాంటు పెంచుచున్నారు. కుక్కకు ఇది హానియా అని అడుగువారు కలరు. మనీ ప్లాంటు మన చేమ, కంద కుటుంబమునకు చెందినది. పచ్చి కంద నోట పెట్టినచో గొంతు దురద పుట్టుట మీకు తెలియును. కాల్షియం ఆక్జలేట్ అను సూదుల వంటి స్ఫటికములు గ్రుచ్చుకొనుట వలన ఆ దురద కలుగును. మనీ ప్లాంటు ఆకులోను అవే సూదులు కలవు. కుక్క నమిలినచో నోరు మండి, చొంగ కారి, వాంతి చేసికొనును. బాధ కలుగును గాని, సాధారణముగా ప్రాణము పోదు. నోరు కడిగి నీరు పెట్టవలెను. నాలుక వాచి ఊపిరి ఆడకున్నచో మాత్రము వైద్యుని వద్దకు పోవలెను. మంట పుట్టించు మొక్క వేరు, గుండెను ఆపు మొక్క వేరు. ఈ తేడా తెలిసినవాడు అనవసరముగా భయపడడు, అవసరమైనపుడు ఆలస్యము చేయడు.

మందార, మల్లె, గులాబి కుక్కలకు విషము కావు. అయితే కుండీలో వేసిన ఎరువును మరువరాదు. ఆముదపు పిండి మంచి ఎరువే గాని, అందులో రిసిన్ అను తీవ్ర విషము కలదు. నూనె గానుగ ఆడినను రిసిన్ నూనెలోనికి పోక పిండిలోనే మిగులును. ఆ పిండి కుక్కకు ఆహారమువలె తోచి త్రవ్వి తినును. పూవు నిర్దోషియైనను కుండీ దోషి కావచ్చును. ఆముదపు పిండిని మట్టిలో బాగుగా కలిపి కప్పవలెను. సంచిని మూతి కట్టి ఎత్తున ఉంచవలెను. తిన్నచో రక్త విరేచనములు ఒకటి రెండు దినముల తరువాత కూడ మొదలు కావచ్చును. కావున "ఏమియు కాలేదు" అని ఊరకుండక వైద్యునికి చూపవలెను.

సారాంశము

గన్నేరు అన్ని భాగములు, పచ్చివైనను ఎండినవైనను, విషమే.
ఎండిన ఆకులో చేదు తగ్గును, విషము తగ్గదు.
నరికిన నాడే ఊడ్చి, లోతుగా పూడ్చవలెను.
చెట్టు క్రింద నీరు, మేత, కుక్క రాట ఉండరాదు.
గన్నేరు పసరును కుక్కలకు, పశువులకు పైపూతగా కూడ వాడరాదు.
తిన్నదని తెలిసిన వెంటనే, లక్షణముల కొరకు ఎదురు చూడక, కొమ్మతో సహా వైద్యుని వద్దకు పోవలెను.
పడిపోయిన పశువునకు కాల్షియం ఇచ్చుటకు ముందు గన్నేరు సంగతి చెప్పవలెను.

నలుగురు కలిసి చర్చించుటకు ప్రశ్నలు

1. మీ వీధిలో ఎన్ని ఇండ్ల ముందర గన్నేరు, పచ్చ గన్నేరు కలవు? వాటిలో పశువుల పాకకు దగ్గరగా నున్నవి ఎన్ని?
2. గుడి వద్ద తీసివేసిన పూలు, దండలు మీ ఊరిలో ఎక్కడ వేయుచున్నారు? ఆవులు అక్కడికి పోవుచున్నవా?
3. "మేక ముట్టదు కావున భయము లేదు" అను మాటలో పొరపాటు ఎక్కడ నున్నది?
4. మీ కుక్క నాడి నిమిషమునకు ఎన్ని సారులు కొట్టుకొనుచున్నది? ఈ సాయంత్రము చూచి వ్రాసి పెట్టుకొనుడు.

రాత్రి అంతయు మేలుకొని మీ కళ్లమును కాచునది కుక్క. తెల్లవారి మీ బిడ్డకు పాలిచ్చునది ఆవు. పూల కొరకు పెంచిన చెట్టు వాటికి మృత్యువు కాకుండ చూచుటకు ఖర్చు లేదు, మందు లేదు. ఒక చీపురు, ఒక పార, నరికిన నాడే ఎత్తివేయు అలవాటు చాలును.